మీ రికార్డు పుస్తకం ఎవరు చదువుతారు?

బాలలూ! పోయిన ఏడాది మీరు రాసిన సైన్సు రికార్డు ఇప్పుడు ఎక్కడ ఉంది? అటక మీద ఉందా? చెల్లెలు బొమ్మలు గీసుకునే పుస్తకమైందా? లేక పాత కాగితాలవాడి తక్కెడలోకి ఎక్కిందా? ఒక్కసారి వెతికి చూడండి. దొరికితే పేజీలు తిరగేయండి. ప్రతి ప్రయోగం చివరా మీ మాస్టారు ఎర్ర సిరాతో పెట్టిన టిక్కు, సంతకం, తేదీ కనబడతాయి. ఆ తరువాత ఆ పేజీని ఇంకొకరు చదివిన గుర్తు ఏదీ కనబడదు.

నేనూ అలాంటి సంతకాలు వేలల్లో పెట్టినవాణ్ణే. పరీక్షల ముందు నలభై రికార్డులు ఒక్క సాయంత్రంలో దిద్దిన రోజులున్నాయి. ఎలా దిద్ది ఉంటానో మీరే ఊహించుకోండి!

అయితే, ఒకరు చేసిన పరిశీలన ఇంకొకరు చదివితే ఏం జరుగుతుంది? చదవకపోతే ఏం జరుగుతుంది? ముందు రెండు పాత కథలు చెప్పుకుందాం. తరువాత మా బడిలో జరిగిన ఒక సంగతి చెబుతాను.

ఇంగ్లండులో హెన్రీ కేవెండిష్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. గొప్ప ధనవంతుడు, మహా మొహమాటస్థుడు. నలుగురిలో మాట్లాడాలంటే ఆయనకు ప్రాణసంకటం. 1770ల్లో ఆయన విద్యుత్తు మీద ఎన్నో ప్రయోగాలు చేశాడు. విద్యుత్ ప్రవాహాన్ని కొలిచే పరికరాలు ఆనాడు లేవు. మరి ఎలా కొలిచాడు? తన శరీరంతోనే! విద్యుత్తును తన ఒంటిగుండా పోనిచ్చి, ఏ షాకు ఎక్కువ, ఏ షాకు తక్కువ అని పోల్చి రాసుకునేవాడు. (ఇది మాత్రం మీరు చేయకూడదు సుమా!) అంత కష్టపడి రాసినవాటిలో ఎక్కువ భాగం ఆయన ఎవరికీ చూపించలేదు. విద్యుదావేశాల మధ్య బలం దూరపు వర్గానికి విలోమంగా ఉంటుందని ఆయన కాగితాల్లో ఉంది. దానినే 1785లో ఫ్రాన్సులో కూలుంబ్ మళ్లీ మొదటినుంచి కనిపెట్టవలసి వచ్చింది. ఓమ్ నియమమని మీరు చదువుకునేది 1827 నాటిది. అదీ ఆ కాగితాల్లో ఉంది! కేవెండిష్ 1810లో చనిపోయాడు. ఆ కాగితాలను మాక్స్‌వెల్ ఓపికగా చదివి 1879లో అచ్చు వేయించేదాకా లోకానికి ఈ సంగతి తెలియలేదు. అంటే దాదాపు నూరేళ్లు ఆ జ్ఞానం కాగితాల కట్టలో నిద్రపోయిందన్నమాట.

రెండో కథ దీనికి తలకిందులు. హాలండులోని డెల్ఫ్ట్ అనే ఊళ్లో ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడు ఉండేవాడు. పెద్ద చదువులు చదవలేదు. ఆనాటి పండితుల భాష లాటిను రాదు. వచ్చినదల్లా డచ్చి భాష ఒక్కటే. చిన్న చిన్న కటకాలు తానే తయారుచేసుకుని, వాటిలోంచి ఏది దొరికితే అది చూసేవాడు. చూసినదాన్ని ఉత్తరంగా రాసి లండనులోని రాయల్ సొసైటీకి పంపేవాడు. 1673లో మొదలుపెట్టి 1723లో చనిపోయేదాకా యాభై ఏళ్లు ఇలా రాస్తూనే ఉన్నాడు.

1676 అక్టోబరు 9న ఆయన రాసిన ఉత్తరంలో ఒక వింత ఉంది. మిరియాలు నానబెట్టిన నీటిలో కంటికి ఆనని జీవులు వేలకొద్దీ తిరుగుతున్నాయట! లండను పెద్దలు నమ్మలేదు. వాళ్లూ మిరియాల నీళ్లు పెట్టి చూశారు. మొదట ఏమీ కనబడలేదు. లీవెన్‌హుక్ కోపగించుకోలేదు. ఊరి పెద్దమనుషులు ఎనిమిదిమందిని పిలిచి, తన కటకంలోంచి చూపించి, చూశామని వాళ్లచేత రాయించి పంపాడు. చివరకు 1677 నవంబరులో రాబర్ట్ హుక్ మెరుగైన సూక్ష్మదర్శినితో ఆ జీవులను సొసైటీ సభ్యులకు చూపించాడు. బట్టలకొట్టు ఆయన మాట నిజమైంది. ఆయన ఒకడే చూసి ఊరుకుంటే అది ఒక వర్తకుడి భ్రమగా మిగిలిపోయేది. ఇంకొకరు చదివి, అనుమానపడి, తామూ చేసి చూశారు గనుక అది విజ్ఞానమైంది. ఒక చిన్న మాట కూడా చెప్పాలి. తాను చూసినవన్నీ చెప్పిన లీవెన్‌హుక్, మేలైన కటకాలు ఎలా చేస్తాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇది నాకు నచ్చని సంగతి.

ఇక మా బడి సంగతికి వద్దాం.

మా బడి అనంతపురం పక్కన ఉంది. నాతో బి.ఇడి. చదివిన మిత్రుడొకాయన ఆదిలాబాదు పక్కన ఒక ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారు. ఒకనాడు ఫోనులో మాట్లాడుకుంటూ ఇలా అనుకున్నాం. పిల్లలు చేసిన పనులను కాగితం రికార్డుతోపాటు కంప్యూటరులో కూడా పెడదాం. ఫొటో, కొలతల పట్టిక, గీసిన బొమ్మ, ఏం అనుకున్నారో నాలుగు వాక్యాలు, అంతే. మా పిల్లల పేజీలు వాళ్ల పిల్లలు చదవాలి, వాళ్ల పేజీలు మావాళ్లు చదవాలి. ప్రతి పేజీ కింద ప్రశ్నలు అడగడానికి చోటు ఉండాలి. దీనిని కొందరు డిజిటల్ పోర్ట్‌ఫోలియో అంటున్నారు. మా పిల్లలు మాత్రం ‘తెర రికార్డు’ అని పేరు పెట్టుకున్నారు. నాకూ ఆ పేరే బాగుంది.

మొదటి పనిగా భూమి చుట్టుకొలత కనుక్కోవాలనుకున్నాం. రెండువేల రెండువందల ఏళ్లకు పూర్వం ఈజిప్టులో ఎరటోస్తనీస్ చేసిన పద్ధతే ఇది. సెప్టెంబరు 23 ప్రాంతంలో సూర్యుడు భూమధ్యరేఖకు నడినెత్తిన ఉంటాడు. ఆ రోజు మధ్యాహ్నం ఒక మీటరు కర్రను నిలువుగా పాతితే, నీడ పొడవునుబట్టి సూర్యుడు మన నడినెత్తి నుంచి ఎంత కోణం వాలాడో తెలుస్తుంది. ఉత్తరంగా ఉన్న ఊళ్లో ఆ కోణం ఎక్కువ, దక్షిణంగా ఉన్న ఊళ్లో తక్కువ. రెండు కోణాల తేడా ఎంతో, భూమి కేంద్రం దగ్గర ఆ రెండు ఊళ్ల మధ్య కోణమూ అంతే. అనంతపురానికీ ఆదిలాబాదుకూ ఉత్తర దక్షిణాలుగా దూరం పటం మీద కొలిస్తే సుమారు 550 కిలోమీటర్లు. (బస్సు పోయే దూరం కాదు, అది మెలికలు తిరుగుతుంది!) ఇన్ని డిగ్రీలకు 550 కిలోమీటర్లయితే 360 డిగ్రీలకు ఎంత? త్రైరాశికమే గదా!

గమనించండి, ఈ ప్రయోగంలో ఒక్క బడి రికార్డు ఎందుకూ పనికిరాదు. మా పేజీ వాళ్లు చదవాలి, వాళ్ల పేజీ మేము చదవాలి. అందుకే దీన్ని ఎంచుకున్నాం.

2023 సెప్టెంబరు 23, శనివారం. రెండు బళ్లలోనూ 11 గంటల 50 నిమిషాల నుంచి రెండేసి నిమిషాలకు ఒకసారి నీడను కొలిచారు. నీడ తగ్గుతూ వచ్చి, ఆదిలాబాదులో 12 గంటల 8 నిమిషాలకు, మా దగ్గర 12 గంటల 12 నిమిషాలకు అతి పొట్టిదై, మళ్లీ పెరగసాగింది. గడియారంలో పన్నెండు కొట్టినప్పుడు ఎందుకు కాలేదో, రెండు ఊళ్లకూ ఆ నాలుగు నిమిషాల తేడా ఏమిటో మీ భూగోళం మాస్టారిని అడగండి. ఆదిలాబాదు నీడ 35.7 సెంటీమీటర్లు. మా నీడ కొలిచి రాసే పని పదో తరగతి కుర్రాడొకడికి అప్పగించాను. తెలివైనవాడు. సాయంత్రానికి లెక్క వేసి చూపించాడు. మా నీడ 26.2, కోణాల తేడా 4.95 డిగ్రీలు, చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు! పాఠ్యపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు వచ్చింది. నేను పొంగిపోయి టిక్కు పెట్టాను. పేజీ కంప్యూటరులో పెట్టాం.

ఆదివారం ఉదయం పేజీ కింద ఒక ప్రశ్న కనబడింది. ఆదిలాబాదు బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి రాసింది: “పట్టికలో 26.2 అని ఉంది. 12 గంటల 12 నిమిషాల ఫొటోలో టేపు మీద 27.3 కనబడుతున్నది. ఏది నిజమండీ?”

నాకు ముఖం చెల్లలేదు. ఫొటోను నేనూ చూశాను, కాని టేపు మీద అంకె చూడలేదు. కుర్రాణ్ణి పిలిచి అడిగాను. మొదట తల వంచుకున్నాడు. తరువాత చెప్పాడు. నిజానికి కొలత 27.3 వచ్చిందట. దానితో లెక్క వేస్తే తేడా 4.38 డిగ్రీలు, చుట్టుకొలత 45,200 కిలోమీటర్లు అయిందట. “పుస్తకంలో 40 వేలు అని ఉంది గదా సార్! మన బడి తప్పు చేసిందనుకుంటారని...” అన్నాడు. నలభై వేలు రావాలంటే మా నీడ ఎంత ఉండాలో వెనకనుంచి లెక్క కట్టి, 27.3 చెరిపి 26.2 వేశాడన్నమాట. ఆ లెక్కలో మాత్రం ఒక్క తప్పూ లేదు!

వాణ్ణి కోప్పడదామనుకున్నాను. కాని ఆలోచిస్తే వాడికి ఆ అలవాటు చేసిందెవరు? సరైన జవాబు ఉన్న పేజీకి చదవకుండానే టిక్కు పెట్టే మాలాంటివాళ్లమే గదా. ఊరుకుని, “ఏరా, 27.3 ఎందుకు వచ్చిందో ఇప్పుడైనా చూద్దామా?” అన్నాను.

మళ్లీ ఆ ఫొటోనే తెచ్చి చూశాం. దూరం నుంచి తీసిన ఇంకో ఫొటోలో కర్ర వెనక తరగతి గది తలుపు చట్రం కనబడుతున్నది. చట్రం పక్కన చూస్తే కర్ర ఉత్తరం వైపు కొద్దిగా ఒరిగి ఉంది. ఎంత? అర డిగ్రీకి కాస్త ఎక్కువ. మీటరు కర్ర అంతమాత్రం ఒరిగితే కొన సెంటీమీటరుకు పైగా పక్కకు పోతుంది, నీడ అంత పెరుగుతుంది. ఆ ఒక్క సెంటీమీటరు భూమిని 5,200 కిలోమీటర్లు లావు చేసింది! వాడు చెరిపేసిన అంకెలోనే కర్ర ఒరిగిన సంగతి ఉంది. చెరిపేస్తే ఆ సంగతీ పోయింది. ఫొటో ఉంది గనుక బయటపడింది.

సోమవారం, 25వ తేదీన, రెండు బళ్లూ మళ్లీ కొలవాలని మాట్లాడుకున్నాం. ఈసారి దారానికి రాయి కట్టి వేలాడదీసి, రెండు వైపుల నుంచి చూసి కర్రను నిటారుగా నిలబెట్టాం. మధ్యాహ్నం నీడ కొలిచారు. ఎంత వచ్చిందనుకున్నారు? 27.7! కుర్రాడు బిక్కమొహం వేశాడు. “సార్, కర్ర సరిచేస్తే నీడ తగ్గాలి గదా! ఇంకా పెరిగిందేమిటి?”

నాకు కారణం తెలుసు. కాని చెప్పలేదు. “ఆదిలాబాదువాళ్ల పేజీ చూడు” అన్నాను. అక్కడ శనివారం 35.7 ఉన్న నీడ సోమవారం 37.3 అయింది. వాళ్ల కర్ర మొదటినుంచీ నిటారుగానే ఉంది. అయినా 1.6 సెంటీమీటర్లు పెరిగింది. కాసేపు అలాగే చూసి, “సార్, కదిలింది కర్ర కాదు, సూర్యుడు!” అని కేక పెట్టాడు. అవును. ఆ రోజుల్లో సూర్యుడు రోజుకు 0.4 డిగ్రీల చొప్పున దక్షిణానికి జరుగుతుంటాడు. రెండు రోజుల్లో దాదాపు 0.8 డిగ్రీలు. రెండు ఊళ్లలోనూ నీడ ఒకే రకంగా పెరుగుతుంది. శనివారం కర్ర సరిగా ఉండి ఉంటే మా నీడా 26.2 దగ్గరే వచ్చి ఉండేది. వాడు దొంగలెక్కతో వేసిన అంకె అదే! సరైన అంకెను తప్పు దారిలో వేసినా అది కొలత కాదని వాడికి ఇప్పుడు నేను చెప్పనక్కరలేకపోయింది.

సోమవారపు లెక్క ఇది. మా కోణం 15.48 డిగ్రీలు, వాళ్లది 20.46. తేడా 4.98. చుట్టుకొలత సుమారు 39,760 కిలోమీటర్లు. పేజీలో శనివారపు పట్టికను తీసేయలేదు. 26.2 మీద ఒక గీత గీసి, పక్కన 27.3 వేసి, ఏం జరిగిందో కుర్రాడే తన మాటల్లో రాశాడు. గీత కింద పాత అంకె చదవడానికి వీలుగా ఉంది. ఎప్పుడూ అలాగే కొట్టేయాలి. మైకెల్ ఫారడే దినచర్య పుస్తకాలు చూసినా ఇదే కనబడుతుంది. పేరాలకు అంకెలు వేసుకుంటూ ఆయన పదహారువేలకు పైగా రాశాడు. అందులో ఫలితం రాని ప్రయోగాలకూ చోటుంది. గురుత్వాకర్షణకూ విద్యుత్తుకూ సంబంధం ఉందేమోనని 1849లో వెతికాడు, ఏమీ దొరకలేదు. దొరకలేదనే 1851లో అచ్చు వేయించాడు!

మీ బడిలో కూడా తెర రికార్డు పెట్టుకోవాలంటే కొన్ని సంగతులు మా అనుభవం నుంచి చెబుతాను.

ఫొటో తీసేటప్పుడు వస్తువు పక్కన స్కేలు ఉండాలి. లేకపోతే అది గోరింత పురుగో, అరచేయంత పురుగో చదివేవారికి తెలియదు. టేపు మీద అంకెను ఫొటో తీస్తే సరిగ్గా నిట్టనిలువుగా పైనుంచి తీయాలి. పక్కనుంచి తీస్తే అంకె జరిగినట్టు కనబడుతుంది. ఫోనులో నుంచి ఫోనుకు పంపితే ఫొటో పాడవుతుందని మీరు గమనించారా? ఫోటోలో కోటి ఇరవై లక్షల చుక్కలు ఉన్నాయనుకోండి. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు బైట్లు వేసుకుంటే మొత్తం 36 మెగాబైట్లు కావాలి. కాని ఫైలు చూస్తే మూడో నాలుగో ఉంటుంది! పక్కపక్క చుక్కలు దాదాపు ఒకే రంగులో ఉంటాయి గనుక, కంటికి తెలియని తేడాలను వదిలేసి కుదించి దాస్తుంది ఫోను. పంపేటప్పుడు మళ్లీ కుదిస్తే సన్నని గీతలు పోతాయి. టేపు మీద మిల్లీమీటరు గీతలు అవే గదా! అందుకే అసలు ఫైలును దాచుకోండి. కొలతను చీటీ మీద రాసి ఫొటోలో అది కూడా పడేట్టు పెట్టండి.

ఫైలుకు పేరు పెట్టేటప్పుడు మనం అలవాటుగా 23-09-2023 అని రోజు ముందు వేస్తాం. కంప్యూటరు పేర్లను ఎడమనుంచి ఒక్కొక్క అక్షరమే పోల్చి వరసపెడుతుంది. దానివల్ల 03-10-2023 ముందూ, 23-09-2023 తరువాతా వస్తాయి. అక్టోబరు తరువాత సెప్టెంబరు! 2023-09-23 అని ఏడాది ముందు వేస్తే వరస తప్పదు. ప్రతి ఫైలుకూ రెండో ప్రతి వేరేచోట ఉంచండి. వేపచెట్టు చిగుళ్ల ఫొటోలు నెలరోజులవి నా ఫోనులో ఒక్కచోటే ఉండేవి. ఫోను నీళ్ల తొట్టిలో పడింది. కాగితం మీద రాసినవే మిగిలాయి. అందుకే కాగితం రికార్డు మానమని నేనెప్పుడూ చెప్పను.

ఇంకొకటి ముఖ్యం. మీ పేరు, ఇంటి చిరునామా, ఫోను నంబరు, ముఖం కనబడే ఫొటో పేజీలో పెట్టవద్దు. కొన్ని ఫోన్లు ఫొటోతోపాటు అది తీసిన చోటును కూడా అక్షాంశ రేఖాంశాలతో సహా లోపల దాస్తాయి. దానిని తీసేసి పెట్టాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే లెక్కిస్తుంది. వారి సమాచారానికి తల్లిదండ్రుల అంగీకారం అడుగుతుంది. మేము పిల్లల పేర్లకు బదులు చెట్ల పేర్లు పెట్టుకున్నాం. నీడ కొలిచిన కుర్రాడు మా పేజీల్లో ‘చింత’. ఆదిలాబాదు అమ్మాయి ‘ఇప్ప’.

ఆ ఇప్ప అంతటితో ఊరుకోలేదు. వారం తరువాత మళ్లీ ఒక ప్రశ్న వేసింది: “ధ్రువాల మీదుగా భూమి చుట్టుకొలత 40,008 కిలోమీటర్లని పుస్తకంలో ఉంది. మనకు 39,760 వచ్చింది. మిగతా 248 ఎక్కడికి పోయాయి?”

చింత రెండు రోజులు లెక్కలు వేసి జవాబు రాశాడు. ఒక్క బడిలో నీడ కొలత ఒక్క మిల్లీమీటరు తప్పినా చుట్టుకొలత నాలుగువందల కిలోమీటర్లకు పైగా మారుతుంది. కాబట్టి 248 అంటే మిల్లీమీటరు కంటె తక్కువే. నీడ కొన చూస్తే గీత గీసినట్టు ఉండదు, మసకగా ఉంటుంది. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న పళ్లెం. పళ్లెం పై అంచు నుంచి వచ్చే వెలుగు ఒకచోట, కింది అంచు నుంచి వచ్చేది ఇంకోచోట పడతాయి. మీటరు కర్ర నీడకు ఆ మసక వెడల్పు దాదాపు ఒక సెంటీమీటరు! మసక మధ్యదాకా కొలవాలని ముందే రెండు బళ్లూ అనుకున్నాయి గనుక సరిపోయింది. లేకపోతే పెద్ద తేడాయే వచ్చేది.

దానికి ఇప్ప ఇలా రాసింది: “కర్ర కొనకు చిన్న రంధ్రం చేసిన అట్టముక్క కడితే? నీడ మధ్యలో సూర్యుడి బొమ్మ గుండ్రంగా పడుతుంది. దాని మధ్యకు కొలవచ్చు. రంధ్రం నేల నుంచి సరిగ్గా మీటరు ఎత్తున ఉండాలి.”

మార్చి 20, 21 తేదీల్లో సూర్యుడు మళ్లీ భూమధ్యరేఖ మీదికి వస్తాడు. రెండు బళ్లూ అట్టముక్కలు కత్తిరించి పెట్టుకున్నాయి. మీ ఊరికి ఉత్తరానో దక్షిణానో మూడు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో మీకు తెలిసిన బడి ఉంటే, మీరు కూడా ఆ రోజు కొలిచి చూడండి.